బేస్ గిటార్‌తో రెండో దెబ్బ

డేవిడన్నా,

సిరిసిల్లలో ఆ నలుగురు నిన్ను కొట్టి చంపి నేటికి ఏడాది. నీ బేస్ గిటార్ ఇప్పుడు నేనే వాయిస్తున్నాను. మన బ్యాండ్ శనివారం సాయంత్రాలు కోరుట్లలో ఒక బార్‌లో పాత సినిమా పాటలు పాడుతోంది. చాలామంది మమత గొంతు కోసమే వస్తారు.

మొన్నో శనివారం ఒకడు తాగి స్టేజీ ఎక్కి, ఆమె చెయ్యి పట్టి లాగాడు.

"నా టేబుల్ కాడికచ్చి పాడు" అన్నాడు.

రానంటే చెంప మీద కొట్టాడు. మమత పెదవి చిట్లి రక్తం కారింది. నేను గిటార్ భుజం మీంచి తీసి, పిడి రెండు చేతులా పట్టుకుని వాడి దవడ మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. వాడు కింద పడి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"కొట్టకన్నా, నీ కాల్మొక్త!"

ఆ రోజు నువ్వూ అట్లాగే బతిమాలావని చూసినవాళ్ళు చెప్పారు. అది గుర్తొచ్చి కూడా నేను రెండోసారి కొట్టాను. మూడోసారి ఎత్తితే మమత నా చేతులు పట్టుకుని వేలాడింది.

వాడు బతికాడు. కరీంనగర్ దవాఖానలో ఉన్నాడు. నా మీద కేసయింది, బెయిల్ మీద బయట ఉన్నాను. నిన్న మమత ఇంటికి వెళ్తే తలుపు సగమే తీసింది.

"వాడు కొడితె కోపమచ్చింది. నిన్ను చూస్తె భయమైంది. ఇగ గిటు రాకు" అంది.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేను అన్నా. ఆ రెండో దెబ్బ కొట్టేటప్పుడు నాకు హాయిగా ఉండింది.

నీ తమ్ముడు,
సామ్యేలు