సగం పూట ఆసుపత్రి

మార్చి 11, బుధవారం
ఉతికినవి: దుప్పట్లు నాలుగు, కర్టెన్లు రెండు. వంటింటి అరలు తుడవడం అయింది. ఇస్త్రీ మిగిలింది.

తమ్ముడూ,

నిన్న మన వీధి ఆడవాళ్ళు ప్రసూతి ఆసుపత్రి సంగతి అడగడానికి నీ ఆఫీసుకు వచ్చినప్పుడు నేనూ వెనక బెంచీ మీద ఉన్నాను. నువ్వు చూడలేదు. "మేం పరిశీలిస్తాం" అన్నావు. రెండేళ్ళ క్రితం ఏ పార్టీ లేకుండా కౌన్సిలరుగా నిలబడి గడప గడపకీ తిరిగినప్పుడు "మనం చేసుకుందాం" అనేవాడివి. ఆ "మనం"లో నేనున్నాను, ఎదురింటి టైలరమ్మ ఉంది. ఈ "మేం"లో మా వీధి మొత్తంలో ఒక్కరమూ లేం.

పెద్ద పార్టీలో చేరేటప్పుడు, "ఒంటరిగా అరిస్తే ఎవరూ వినరక్కా, లోపలికెళ్ళి పని చేయిస్తా" అన్నావు. నమ్మాను. ఏడాదయింది. మొన్న పురపాలక సభలో ఆసుపత్రి మూతకు మీ పార్టీ వాళ్ళందరితో పాటు నువ్వూ చెయ్యెత్తావు. నీ మేనకోడలికి ఎనిమిదో నెల అని తెలిసే ఎత్తావు. "మీవాడికి కుర్చీ ఇచ్చి నోరు తీసుకున్నారు" అని మీ బావ అంటే మొదటిసారి ఎదురు చెప్పలేకపోయాను. వచ్చే ఎన్నికల్లో నీ కోసం ఏ గడపా తొక్కను.

మీ అక్క

మార్చి 15, ఆదివారం
పాత దుప్పటి చించి పొత్తిగుడ్డలు కుట్టాను, పన్నెండు. ఇస్త్రీ అయింది.

తమ్ముడూ,

పొద్దున ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. కాన్పుల లెక్క చెప్పమని మీ పార్టీ లోపలి సమావేశానికి పిలిస్తే వెళ్ళిందట. నువ్వు రెండు గంటలు పోట్లాడావట. మూతకు చెయ్యెత్తితే రాత్రి పూట మూసి, పొద్దున పూట మాత్రం నడవనిస్తామన్నారట. "ఆయన బయటుండి అరిస్తే మొత్తానికే తాళం పడేదమ్మా. సగమైనా మిగిలింది" అంది.

నిజమే కావచ్చు. కానీ నొప్పులు పొద్దున పూటే వస్తాయని మీ పార్టీకి ఎవరు చెప్పారు? నువ్వు అమ్ముడుపోయావనుకున్నప్పుడే నాకు తేలిగ్గా ఉండేది. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియడం లేదు.

నిన్న ఫోన్ చేసి, "పార్టీలో ఉండనా అక్కా, బయటికొచ్చేయనా?" అని అడిగావు. ఎందుకు చెయ్యెత్తావంటే మాత్రం, లోపలి మాట బయట పెట్టకూడదన్నావు. ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు చెబుతున్నాను, విను. ఉండు. కానీ ఈ వీధిలోకి వచ్చి, ఏం పోగొట్టావో, ఏం తెచ్చావో నీ నోటితో చెప్పు. తిడతారు. నేనూ వస్తాను, నేనూ తిట్టాలి. అలా చెప్పడానికి వీల్లేదని పార్టీ అంటే ఆ పూటే బయటికొచ్చెయ్. నోరు విప్పనివ్వని చోట ఎంత సగం దక్కినా నాకక్కర్లేదు.

మీ అక్క

తమ్ముడికి జవాబు బాకీ: చెల్లు.