ఎండలో పెట్టిన పలకలు

కట్టంగూర్, శనివారం రాత్రి

బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తాయేమో చూడాలని, టైటానియం ఆక్సైడ్ పూసిన పలకలను హైవే వైపు మా డాబా మీద పెట్టాను. ఇవాళ నా రీసెర్చ్ గైడ్ సారు చూడటానికి వస్తే, వాటి మీద పాత చీర కప్పి ఉంది.

"ఎవరమ్మా కప్పింది?"

"నేనే సారూ. ఎండకు రంగు వెలిసిపోతదని," అన్నాడు బాపు. రంగు అద్దిన నూలును ఆయన ఎప్పుడూ నీడలోనే ఆరేస్తాడు.

సారు పగలబడి నవ్వారు. "ఎండ తగలకుంటే అది పనే చేయదు పెద్దాయనా!"

నేనూ నవ్వాను.

సారు వెళ్లాక బాపు చీర మడుస్తూ, "గీ ముచ్చట ముందుగాల్నే చెప్పకపోతివి బిడ్డా," అన్నాడు.

ఆయనకు అర్థం కాదనుకున్నాను. సారు ఒక్క మాటలో చెబితే వెంటనే అర్థమైంది. నా నవ్వు కూడా అర్థమయ్యే ఉంటుంది...