ఎత్తు తెలియడానికి ఒక మనిషి

3 జూన్ 1976, మస్కట్

ఆఫీసు వరండాలో నూట పదిహేను డిగ్రీలు. పొద్దున తొమ్మిదింటికే.

మేనేజర్ పిలిచాడు. ఫిబ్రవరిలో వచ్చిన కొత్తాయన. నిరుడు వేసవిలో నేను తీసిన ఫొటోలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి — కోటలు, పెద్ద దర్వాజా, రేవు, మత్రా ఇళ్లు. పాత కట్టడాల సర్వే కోసం తీసినవి. ఇప్పుడు కంపెనీ వాటితో ఒక పుస్తకం వేస్తుందట. బాగున్నాయన్నాడు. ఒక్కటే ఇబ్బంది. ప్రతి దాంట్లోనూ చీర కట్టుకున్న ఒకావిడ గోడ పక్కన నిలబడి ఉంది. అవే చోట్లు, అవే కోణాలు, ఆవిడ లేకుండా మళ్లీ తీయాలి. నెలాఖరులోపల.

ఎవరావిడ, అని అడిగాడు.

"ఎవరో. ఎత్తు తెలియడానికి నిలబెట్టాం," అన్నాను.

నోటికి అంత తొందరగా ఎలా వచ్చింది...

4 జూన్, శుక్రవారం

చర్చిలో శుక్రవారం ప్రార్థనకి వెళ్లలేదు.

6 జూన్

ఆరింటికే జీపులో బయల్దేరాం. నేనూ గౌసూ. ఎనిమిది దాటితే కెమెరా చేత్తో పట్టుకోలేం. తడిగుడ్డ చుట్టి తీసుకెళ్లాను. ఫిల్ము రోల్స్ మంచినీళ్ల ఫ్లాస్కులో, ప్లాస్టిక్ సంచిలో కట్టి.

గౌస్‌ది కడప. నాలుగేళ్లుగా నాకు డ్రైవరు. జీపెక్కితే నోరు మూయని మనిషి. ఇక్కడి కోడి ఉడికిన గుడ్డే పెడుతుందని నిరుడు మా ఆవిడ దయామణితో అంటే, కడుపు పట్టుకుని నవ్వింది. ఇవాళ మత్రా కోట దగ్గరికి వెళ్లేదాకా ఒక్క మాట లేదు. ఎండ గురించి కూడా లేదు.

మొన్న మేనేజర్ గదిలో నేను ఆ మాట అన్నప్పుడు ఫైళ్లు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ఇంగ్లీషు మాట్లాడలేడు. అర్థం అవుతుంది.

మత్రా కోట — మూడు ఫొటోలు. కింద మెట్ల దగ్గర ఆమె నిలబడిన చోటు ఖాళీగా ఉండాలి కదా. ఉంది. నీడ కూడా లేదు.

7 జూన్

సర్వే ఫొటోలో మనిషి లేకపోతే గోడ పదడుగులో నలభయ్యో తెలియదు. ఎక్కడైనా ఇదే పద్ధతి. కూలీనో డ్రైవర్నో నిలబెడతారు. శుక్రవారం సెలవు కాబట్టి కూలీలు దొరకరు. దయామణికీ ఆస్పత్రిలో సెలవు. ఆమెకి ఊరు చూసినట్టు ఉంటుంది, నాకు పని అవుతుంది అనుకున్నాను. తెలివైన ఆలోచన అనుకున్నాను.

డ్రాయింగుల మూలలో నా చేతిరాతే ఉంది — మనిషి ఎత్తు 5 అ. 1 అం.

పేరు ఎక్కడా లేదు. రాయాల్సిన అవసరం ఉండదు.

మిరానీ బురుజు ఎంత ఎత్తని ఎవరైనా అడిగితే ఇప్పటికీ అడుగుల్లో ముందు రాదు. పన్నెండు దయామణులు. తర్వాత హెచ్చవేసుకుంటాను.

9 జూన్

పాలకొల్లు నుంచి అత్తయ్య ఉత్తరం. బావమరిది ప్రసాదు చేత రాయించింది. మాటలు ఆమెవే.

ఆగస్టు ఎనిమిదికి దయామణి పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారు. పాస్టరుగారితో మాట్లాడారు. కార్డు అచ్చువేయించాలి, పెద్ద ఫొటో ఒకటి పటం కట్టించాలి. పెళ్లి ఫొటోలో తల వంచుకుంది, మేలిముసుగు వేసింది, సగం మొహం కనబడదు. "మీరు మంచిది పంపండి బాబూ. నవ్వు మొహంతో ఉన్నది. మా అమ్మాయి ప్రతి ఉత్తరంలోనూ రాసేది, ఆయన శుక్రవారం శుక్రవారం నన్ను తీసుకెళ్లి ఫొటోలు తీస్తున్నారమ్మా అని. మేం అందరికీ చదివి వినిపించేవాళ్లం."

నాలుగుసార్లు చదివాను.

నన్ను తీసుకెళ్లి. ఫొటోలు తీస్తున్నారు. రెండూ నిజమే.

10 జూన్

సాయంత్రం కాపీలన్నీ రూముకి తెచ్చుకున్నాను. భూతద్దం పెట్టి చూశాను. ముప్పై ఒక్క ఫొటోలు. అన్నిటికంటే పెద్దగా ఉన్నదాంట్లో ఆమె అగ్గిపుల్లంత. మొహం ఆ పుల్ల కొసన మందంత.

ముప్పై ఒకటిలో ఎన్నింట్లోనో కాళ్లకి తెల్లబూట్లు. గురువారం రాత్రి డ్యూటీ. ఆస్పత్రిలోనే చీర మార్చుకుని గేటు దగ్గర నిలబడేది. బూట్లు మార్చుకునే దాకా నేనెప్పుడూ ఆగలేదు. వెలుతురు పోతుందనేవాణ్ణి.

పడుకున్నావా అని అడిగానా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. గుర్తు రావడం లేదంటే...

11 జూన్, శుక్రవారం

పాస్‌పోర్టు ఫొటో ఉంది. బుగ్గ మీద రద్దుముద్ర పడింది. అది పంపలేను.

13 జూన్

మిరానీ కోట. ఉప్పుగాలి, తడి ఎండ. కళ్లద్దాలు మసకబారుతున్నాయి, తుడిస్తే మళ్లీ.

కెమెరా స్టాండు వేసి, నిరుడు వేసిన చోటే వేసి, వంగి చూస్తున్నాను. గోడ పక్కన గౌస్ నిలబడి ఉన్నాడు. సరిగ్గా ఆమె నిలబడ్డ చోట. తప్పుకోమని చెయ్యి ఊపాను. కదల్లేదు.

"తియ్యి సార్. నేనూ ఎవరో ఒకణ్ణే గదా."

లెన్సు తుడుస్తూ నిలబడ్డాను. శుభ్రంగానే ఉంది లెన్సు.

అతనే వచ్చాడు. కోపంగా రాలేదు. ఆయమ్మ నాకు రెండు తూర్లు సూదేసింది సార్, అన్నాడు. సూది చూస్తే కళ్లు తిరుగుతాయి నాకు. మీ కడపోళ్లు కత్తులకి భయపడరంట, సూదికి భయపడతారా గౌస్ భాయ్ అని నవ్వించి, నేను నవ్వుతాండంగనే వేసేసింది. అట్లాంటి మనిషిని పట్టుకుని.

అక్కడ ఆపేశాడు. ఆపకుండా ఉంటే బాగుండేది.

కొత్తాయనకి తెలిస్తే పరామర్శిస్తాడు, మళ్లీ అన్నీ చెప్పాలి, అందుకని అలా అన్నాను — అని చెప్పాను గౌస్‌కి. సగం నిజం. ఆఫీసు జీపులో, ఆఫీసు ఫిల్ముతో భార్యని తిప్పాడు అనుకుంటాడేమో అని కూడా. ఆ సగం చెప్పలేదు.

ఫొటో తీశాను. గోడ ఒక్కటే.

14 జూన్

రేవు. బండల మీద ఓడల పేర్లు, తెల్లరంగుతో. వచ్చిన ప్రతి ఓడవాళ్లూ ఎక్కి రాసిపోయారు. నిరుడు దయామణి అన్నీ పైకి చదివింది, ఒక్కొక్కటీ. వెలుతురు పోతోంది, నిలబడు, అన్నాను.

18 జూన్, శుక్రవారం

దయామణి గుండె కవాటం చిన్నప్పటి నుంచీ బలహీనం అన్నాడు నిరుడు డాక్టరు. ఎండకీ దానికీ సంబంధం లేదన్నాడు. రెండుసార్లు అడిగాను. రెండోసారి కొంచెం విసుక్కున్నాడు.

సంబంధం లేదు. రాసుకుంటే నమ్మకం కుదురుతుందేమో అని రాశాను.

అందులో తప్పు లేకపోతే దేనికి సిగ్గుపడుతున్నాను? అది వేరే. అది ఎండలో గోడ పక్కన నిలబడ్డ మనిషిని ముప్పై ఒక్కసార్లు చూసి, గోడ కొలత మాత్రం రాసుకోవడం.

22 జూన్

మత్రా స్టూడియో. సింధీ ముసలాయన. ఉన్నవాటిలో పెద్దది ఇచ్చి, మొహం వరకు పెంచమన్నాను. సాయంత్రం రమ్మన్నాడు. వెళ్లాను.

"సాబ్, ఇస్ మే చెహ్రా హై హీ నహీ." ఇందులో మొహమే లేదంటున్నాడు. పెంచినది చూపించాడు. నల్లచుక్కలు, తెల్లచుక్కలు. దూరంగా పెట్టుకుని చూస్తే మనిషి. దగ్గరికి తెస్తే ఇసుక.

డబ్బు తీసుకోలేదు. ఎవరు సాబ్ ఈమె, అన్నాడు.

ఈసారి చెప్పాను. నా భార్య అని. ఇక్కడ చెప్పడం సులువు. ఆయనకి నేనెవరో తెలియదు.

24 జూన్

కొత్త ఫొటోలు మేనేజర్‌కి ఇచ్చాను. రిజిస్టరు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టాడు. ఒకటి తక్కువ. మత్రాలో వర్తకుడి పాత ఇల్లు, చెక్కిన తలుపు. రిజిస్టరులో నా రాతే — 25 జూలై, తీశాను. పాత కాపీ లేదు, కొత్తదీ లేదు.

మర్చిపోయానని చెప్పి, గౌస్‌ని తీసుకుని వెళ్లాను. సందు లేదు. ఇల్లు లేదు. రోడ్డు. ఇంకా తారు వేయలేదు, కంకర. మార్చిలో పడగొట్టారని పక్కన కొట్టు మలబారీ చెప్పాడు.

వచ్చి అదే చెప్పాను. అయితే పాతదే కావాలి, ఇక వేరే దిక్కు లేదు, అది పుస్తకంలో ఉండి తీరాలి అన్నాడు మేనేజర్. ఆ రోల్ ఎక్కడుందని అడిగాడు.

ఎక్కడుందో తెలుసు.

25 జూన్, శుక్రవారం

ఫ్రిజ్‌లో, బిస్కట్ల డబ్బాలో. ఆ శుక్రవారం తీశాక ఆదివారం జ్వరం వచ్చింది ఆమెకి. తర్వాత ఆస్పత్రి. రోల్ కడిగించనే లేదు. ఏడాదిగా రోజూ నీళ్ల సీసా తీస్తూ ఆ డబ్బా పక్కకి జరుపుతున్నాను.

రెండు గంటలు చేతిలో పెట్టుకుని కూచున్నాను. మళ్లీ లోపల పెట్టేశాను.

27 జూన్

స్టూడియోలో ఇచ్చాను. కడిగేటప్పుడు నేనూ లోపల ఉంటానన్నాను. సింధీ ముసలాయన సరే అన్నాడు.

చాలావరకు పొగబారింది. ఒక్కటి బాగా వచ్చింది. ఇల్లు.

ఆ సందు వెడల్పు మూడు గజాలు. వెనక్కి జరగడానికి నాకు చోటు లేదు. అందువల్ల ఆమె దగ్గరగా పడింది. నడుము దాకా. మొహం ఉంది. కళ్లు, ముక్కు పక్క పుట్టుమచ్చ, నుదుటి మీద చెమట. అన్నీ.

"అబ్ మిలా చెహ్రా, సాబ్," ఇప్పుడు దొరికింది మొహం, అన్నాడు ముసలాయన. తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు, నన్ను లోపలే వదిలి.

29 జూన్

మేనేజర్‌కి కాపీ చూపించాను. తలుపు అద్భుతంగా వచ్చిందన్నాడు. ఆవిడ కొంచెం పెద్దగా పడింది, పరవాలేదు, అచ్చుకి ముందు బొంబాయిలో బ్రష్షుతో తీసేస్తారు, నెగటివ్ ఇవ్వండి, పార్సెల్ ఇవాళే వెళ్తుంది.

జేబులోనే ఉంది నెగటివ్. చెయ్యి జేబు మీదకి పోయింది. ఎండకి పాడైందని చెబుదామనుకున్నాను. మాట సిద్ధంగా ఉంది. అన్నీ సిద్ధంగానే ఉంటాయి నా దగ్గర.

"ఆవిడ నా భార్య," అన్నాను. "పోయిన ఆగస్టులో చనిపోయింది. మొన్న మీకు అబద్ధం చెప్పాను."

ఫొటో వైపే చూశాడు. నా వైపు చూడలేదు, అది మంచిదైంది. పరామర్శించలేదు. అయితే తీసేయొద్దు, ఉండనివ్వండి, అన్నాడు. నెగటివ్ మీ దగ్గరే ఉంచుకోండి, కాపీ చాలు. మొదటి ఫొటోలు కూడా కావాలంటే అలాగే వేద్దాం, కొత్తవి పక్కన పెడదాం, అన్నాడు.

కింద పేరు వేయాలా అని అడిగాడు.

వద్దన్నాను.

బయటికి వచ్చాక అర్థం కాలేదు ఎందుకు వద్దన్నానో. మళ్లీ లోపలికి వెళ్లి వేయమని చెప్పొచ్చు. మూడడుగుల దూరంలో తలుపు. జీపు దగ్గరికి నడిచాను.

గౌస్‌కి చెప్పాను, చెప్పేశానని. మంచిపని చేసినావు సార్, అన్నాడు. పేరు సంగతి అతనికి చెప్పలేదు.

1 జూలై

పార్సెల్ బొంబాయికి మొన్ననే వెళ్లిందట. పేరు వేయాలంటే టెలిగ్రాం ఇవ్వొచ్చు. ఇవ్వలేదు.

2 జూలై, శుక్రవారం

అత్తయ్యకి ఉత్తరం పోస్టులో పడాలి. ఆలస్యమైతే కార్డుకి అందదు. ముసలాయన మొహం వరకు పెంచి ఇచ్చాడు. ఇసుక కాలేదు. బల్ల మీద ఉంది.

పొద్దుట్నుంచి చూస్తూనే ఉన్నాను. పెదవులు బిగించి ఉంది. చిన్నపిల్లలు బడిలో నిలబడ్డట్టు. ఆమె మొహం అలా ఉండేది కాదు ఎప్పుడూ. అలసట అనుకున్నాను ముందు. భోజనం చేస్తుంటే గుర్తొచ్చింది.

ఆ సందులో నేను వంగి చూస్తుంటే అడిగింది.

"ఏమండీ, నవ్వమంటారా?"

"అక్కర్లేదు. నీ మొహం పడదు."

సరేనండి అంది. నవ్వు అప్పటికే వచ్చేస్తోంది ఆమెకి. ఆపుకుంది. నేను నొక్కాను.

అత్తయ్య నవ్వు మొహం అడిగింది.

వందనములు, క్షేమం, అన్నీ రాశాను. ఫొటో పంపుతున్నాను అని రాశాను. ఆ తర్వాత ఏదో ఒకటి రాయాలి. ఆమె అడుగుతుంది. అడగకపోయినా పటం ముందు కూచుని రోజూ చూస్తుంది, మా అమ్మాయి అక్కడ సుఖంగా లేదేమో అనుకుంటుంది.

ఎండ ఎక్కువగా ఉండి నవ్వలేదు, అని రాశాను.

కొట్టేశాను.

కొట్టేసిన గీత కింద మాటలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. వేరే కాగితం తీశాను. వందనములు దాకా రాశాను.