వాయిదా పడిన మొదటి ఆపరేషన్

శుక్రవారం, సాయంత్రం

లెక్కలమ్మకి,

అన్నయ్య దీవెనలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది. రాశాను.

నిన్న ఉదయం పదకొండు గంటలకి మన ఊరి ఆసుపత్రి ఒక ఆపరేషన్ని వాయిదా వేసింది. శ్లాబు పెచ్చులూడటం మొదలయ్యాక ఇదే మొదటి వాయిదా. నీకు ఇది పెద్ద సంగతిగా కనిపించకపోవచ్చు. నెలనెలా నీ బల్ల మీదికి వచ్చే లెక్కల్లో మిగతా ఆసుపత్రులు పదులు, ఇరవైలు వాయిదాలు చూపిస్తాయి. మన ఊరికి ఎదురుగా ఎప్పుడూ సున్నాయే. సోమవారం మీ కమిటీ కూర్చునేసరికి అక్కడ ఒకటి ఉంటుంది. అదెలా వచ్చిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట. ఇది పత్రికలో నా పేరుతో రాదు. కొత్త ఆసుపత్రుల జాబితా తయారుచేసే శాఖలో నా చెల్లెలు ఉందని మా ఎడిటర్‌కి తెలుసు. ఈ వార్తని వేరే రిపోర్టరుకి ఇచ్చాడు. సరిగ్గానే చేశాడు. కాబట్టి దీన్ని విలేకరి రాసింది అనుకోకు.

పోయిన నెల ఫోన్లో నువ్వు చెప్పింది నాకు గుర్తుంది. అన్నయ్యా, నా దగ్గర అక్షయపాత్ర లేదు, టీకాలకి కావాలి, మందులకి కావాలి, డాక్టరు మొహమే చూడని ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు పెట్టాలి, ఆ తర్వాత మిగిలినదాంట్లో భవనాలు అన్నావు. భవనాల్లో కూడా పని ఆగిపోయినవాటికి ముందు, ఆగనివాటికి తర్వాత అన్నావు. ఆపరేషన్లు ఒక్కటైనా ఆగి ఉంటే ఆ పద్దు కింద మన ఊరు పరిశీలనకి వచ్చేదని, సున్నా ఉన్నచోట పరిశీలించడానికి ఏముంటుందని అడిగావు. అందుకే మన ఊరు రెండో విడతలోకి వెళ్లింది. రెండో విడత అంటే తక్కువలో తక్కువ ఎనిమిదేళ్లు. నీ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. టీకాల డబ్బు తీసి ఇక్కడ గోడలు కట్టమని నేను అడగను. నాకు దొరకనిదల్లా ఒక్కటే, ఆ సున్నా ఎలా వస్తోందన్నది. దాన్ని ఇప్పుడు కళ్లారా చూశాను.

నువ్వు ఆసుపత్రి చూసి చాలా ఏళ్లయింది కదా. వెనక ఖాళీ స్థలంలో కొత్త భవనం బొమ్మ వేసిన బోర్డు ఇంకా ఉంది. ఎండకి భవనం వెలిసిపోయింది, దాని ముందు గీసిన చెట్లు మాత్రం మిగిలాయి. శంకుస్థాపన రాయి మీద ఆయాలు దుప్పట్లు ఆరేస్తున్నారు. పాత భవనం లోపల శ్లాబుకి ఊతగా ఇనప జాకీలు నిలబెట్టారు. వార్డులో మంచానికీ మంచానికీ మధ్య జాకీయే. సెలైన్ సీసాలు వాటికే కడతారు. ఒక ముసలాయన తన జాకీకి చొక్కా తగిలించుకుని, ఎవరో దాన్ని వాడుకోబోతే, ఇది నా అల్లుడండీ, నేను తప్ప ఎవరూ ఆనుకోకూడదు అంటున్నాడు. జాకీలు నాలుగేళ్లు మోస్తాయని, ఆపైన తనని అడగొద్దని ఇంజనీరు చెప్పాడు. ఎనిమిదీ నాలుగూ నీకు నేను తీసివేసి చూపించక్కర్లేదు.

మేడ మీద ఆపరేషన్ థియేటర్లు రెండూ మూసేశారు. ఇప్పుడున్నది కింద, ఒకప్పటి క్యాంటీన్లో. గిన్నెలు తోమిన తొట్ల దగ్గరే సర్జన్లు చేతులు కడుక్కుంటారు. భోజనం ప్లేట్లు అందించిన కిటికీకి అద్దం బిగించారు. ఆ అద్దం ఇవతల నుంచుని నేను ఒక ఆపరేషన్ చూశాను. నన్నెలా రానిచ్చారని అడుగుతావు. తర్వాత చెప్తాను.

బల్ల మీదున్నది ఒక బస్సు కండక్టరు. కడుపు తెరిచి ఉంది. బయట వాన మొదలైంది. కాసేపటికి బల్లకి అడుగు దూరంలో నేల మీద ఒక చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. ఎవరూ పైకి చూడలేదు. థియేటర్ని నడిపే ఆవిడని అందరూ పెద్ద సిస్టర్ అంటారు. ఆవిడ ఒక్క మాట అంది, జరుగుదాం అని.

ఒక నర్సు కాలితో బల్ల చక్రాల బ్రేకు తీసింది. మత్తు డాక్టరు గొట్టాలన్నీ భుజాన వేసుకున్నాడు. ఆయా దీపం స్టాండు పట్టుకుంది. సర్జన్ రెండు వేళ్లు లోపల రక్తనాళాన్ని నొక్కి పట్టి ఉన్నాయి. వాటిని తియ్యకుండానే అతను పక్కకి అడుగు వేశాడు. శ్వాస ఇచ్చే యంత్రం గాలి లోపలికి పంపుతున్నంతసేపూ అందరూ ఆగుతారు. గాలి బయటికి వచ్చేటప్పుడు కదులుతారు. యంత్రం ఊపిరి వదిలింది, ఒక అడుగు. పీల్చింది, ఆగారు. వదిలింది, ఒక అడుగు. బల్ల, దీపం, గొట్టాలు, ఆరుగురు మనుషులు, తెరిచిన కడుపుతో ఒక మనిషి, అంతా కలిసి గది ఆ చివరికి వెళ్లారు. చేరాక ఆయా బకెట్టు తెచ్చి చుక్క పడేచోట పెట్టింది. సర్జన్ కుట్టు అడిగాడు. ఇంతలో వాళ్లు వదిలివచ్చిన చోట అరచెయ్యంత పెచ్చు ఊడి పడింది.

వరదలు చూశాను, ఎన్నికలు చూశాను, గనిలోంచి మనుషులు ప్రాణాలతో పైకి రావడం చూశాను. ఇలాంటిది చూడలేదు. చేతిలో పెన్ను ఉంది, ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు కూడా ఏ మాట వాడాలో తెలియక జరిగింది జరిగినట్టు రాశాను.

ఇది దేవుడి దయ కాదు, సాధన. ప్రతి శనివారం మధ్యాహ్నం ఖాళీ బల్ల మీద ఇసక బస్తా పడుకోబెడతారు, దాని మీద అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు పెడతారు, గది ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తారు. నీళ్లు తొణికితే మళ్లీ మొదటికి. ఎవరివల్ల తొణికితే వాళ్లు అందరికీ టీ ఇప్పించాలి. సర్జన్ కొత్తగా వచ్చినప్పుడు జీతం సగం టీ కొట్టువాడికే పోయిందట. కండక్టరుకి మెలకువ వచ్చాక బల్లతో సహా జరిపిన సంగతి చెప్పారు. అంటే టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేశానన్నమాట, ఉద్యోగం పోతుంది, ఎవరికీ చెప్పకండి అన్నాడు.

ఇంత చేసి, నెలనెలా పై ఆఫీసుకి పంపే లెక్కలో పెద్ద సిస్టర్ సున్నా వేస్తుంది. ఎంతో గర్వంగా వేస్తుంది. ఆ సున్నాయే తమని వెనక్కి నెట్టిందని రెండో విడత కబురుతోనే వాళ్లకి తెలిసింది.

ఆ కబురు వచ్చిన రోజు టీ దగ్గర నేనూ ఉన్నాను. అడగందే అమ్మైనా పెట్టదు సిస్టర్‌గారూ, ఒక్క నెల పదిమందిని వెనక్కి పంపుదాం, పైవాళ్లే పరిగెత్తుకొస్తారు అన్నాడు సర్జన్. సరే బాబూ, ఆ పదిమందిలో మొదటివాడికి నువ్వే వెళ్లి చెప్పు, నేను పక్కన నుంచుని నీ నోరెలా పెగులుతుందో చూస్తాను అంది ఆవిడ. అతను టీ చల్లారిపోతోందని కప్పు అందుకున్నాడు. మత్తు డాక్టరు నెమ్మదస్తుడు. మనం బాగా చేస్తున్నాం కాబట్టే మనకి కొత్త భవనం రావడంలేదు సిస్టర్, ఇలాగే చేసుకుపోతే నాలుగేళ్ల తర్వాత చెయ్యడానికి గదే ఉండదు, అప్పుడు పదిమంది కాదు, ఊరంతా వెనక్కే అన్నాడు. ఆవిడ లెక్కల పుస్తకం తెరిచి, సున్నాల వరసంతా పైనుంచి కిందికి చూసుకుంది. ఆ పుస్తకాన్ని ఆవిడ అంతసేపు చూడటం ఎప్పుడూ ఎరగమని తర్వాత ఆయా అంది.

ఇక నిన్నటి సంగతి. పొద్దున్నే ఇంజనీరు వచ్చి క్యాంటీన్ శ్లాబు చూశాడు. సరిగ్గా బల్ల ఉన్నచోట, దాన్ని జరిపేచోట కూడా జాకీలు నిలబెట్టాలి, గది ఇప్పుడే ఖాళీ చెయ్యాలన్నాడు. పెద్ద సిస్టర్ ముందే వ్యాయామ చికిత్స గదిని కడిగించి సిద్ధంగా ఉంచింది. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్లు అక్కడ మొదలయ్యాయి. కానీ ఆ గది చిన్నది. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకి చోటు దొరికింది. నిన్నటి వరసలో ఒక్క పేషెంటు మిగిలాడు.

ఎప్పటిలా అయితే ఆవిడ ఆదివారం అందరినీ రప్పించి ఆ ఒక్కటీ చేయించేసేది. వాళ్లూ వచ్చేవాళ్లు. ఈసారి ముందు సర్జన్ని అడిగింది, ఇతను ఆగగలడా అని. మూడు వారాలు ఆగొచ్చు, అంతకుమించి నేను ఒప్పుకోను అన్నాడు. అప్పుడు ఆవిడ పేషెంటు మంచం దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆదివారం చేసేస్తే మా లెక్కలో సున్నా వేస్తాను, మీరు ఆగుతానంటే ఒకటి వేస్తాను, డాక్టరు ఆగొచ్చన్నాడు కానీ ఆగాల్సింది మీరు, మీరు ఆదివారం అంటే ఆదివారమే, నేను ఏమీ అనుకోను అంది. మీరైతే ఏం చేస్తారని పేషెంటు అడిగాడు. మీ స్థానంలో నేనైతే ఈపాటికి ఈ ఆసుపత్రిని తిడుతూ ఉండేదాన్ని అంది. పేషెంటు నవ్వాడు. ఒకటి వెయ్యండి అన్నాడు.

ఆవిడ వెంటనే లేవలేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట మీకు చెప్పాల్సొచ్చింది అంది. లేచాక మొదట చేసిన పని, వార్డు ఆయాని పిలిచి, ఈయనకి తినడానికి ఏదైనా పట్రా, పొద్దుట్నుంచీ పస్తున్నాడు అని చెప్పడం. ఆ తర్వాతే వెళ్లి ఒకటి వేసింది.

సోమవారం పది గంటలకి మీ కమిటీ ఆ అంకెని చూస్తుంది. దాన్ని పెద్దది చేసి చూడమని నేను అడగడంలేదు. దానికి ముందున్న సున్నాలని మాత్రం పని సాఫీగా సాగుతోందనడానికి రుజువుగా లెక్కపెట్టొద్దు. అవి సాఫీగా సాగిన రోజులు కావు. ఇసక బస్తాతో, నీళ్ల గ్లాసుతో సంపాదించినవి. ఆసుపత్రులకి మీరు వేసే మార్కుల్లో దానికి పద్దు లేకపోతే, లేదన్న సంగతి కమిటీలో ఎవరో ఒకరు పైకి అనాలి.

పిల్లలకి నా ముద్దులు. బావగారికి నమస్కారాలు.

ఇట్లు
అన్నయ్య

తా.క. ఆ పేషెంటుని నేనే. కుడి మూత్రపిండం మీద చిన్న గడ్డ ఉందని పోయిన నెల స్కానింగులో తేలింది. నేను ఆ ఆసుపత్రికి వెళ్లింది వార్త కోసం కాదు, పరీక్షల కోసం. తిరగ్గా తిరగ్గా మొహం తెలిసి, అద్దం దగ్గర నుంచోనిచ్చారు. నువ్వు మార్కులు వేసేచోట ఉన్నావు, నా సంగతి నీ చెవిన వెయ్యకూడదని మీ వదినకి కూడా చెప్పాను. ఇప్పుడు ఆ అంకె నేనే కాబట్టి దాచడం న్యాయం కాదు. సోమవారం కమిటీలో నువ్వు కూర్చోవాలో, మీ పైవాళ్లకి చెప్పి తప్పుకోవాలో నువ్వే తేల్చుకో. ఏం చేసినా నేను ఏమీ అనుకోను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, నాకు భయం లేదని కూడా అనను. కొత్త తేదీ ఇచ్చారు. వచ్చే నెల ఆరు, బుధవారం, ఉదయం ఎనిమిది, వ్యాయామ చికిత్స గది. మీ వదిన సెలవు పెట్టింది, బయట ఒక్కతే కూర్చుంటుంది. పేషెంటు తరఫువాళ్లని ఏడింటి నుంచి లోపలికి రానిస్తారు.