రేపటి అంకె

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్లో అయితే మూడో మాటకే మనిద్దరం పోట్లాటకి దిగుతాం. నువ్వు "సరేలే" అంటావు, నేను "ఏంటి సరేలే" అంటాను, ఇక అంతే సంగతులు. అందుకే ఉత్తరం రాస్తున్నా. మధ్యలో నువ్వు అడ్డుపడటానికి వీల్లేదు. కుదురుగా కూర్చుని చివరిదాకా చదువు.

మీ సీసాల ఫ్యాక్టరీలో ఇంధనం బాధ్యత నీకు అప్పగించినప్పటి నుంచి, రేపు మీకు ఎంత గ్యాసు కావాలో చెప్పే అంకె నీ చేతిమీదుగానే మా గ్యాసు పైపులైను ఆఫీసుకి వస్తోంది. నేరుగా నా బల్ల మీదికే వస్తోంది. చూస్తూ ఊరుకుంటున్నాను గానీ, ఏం తింటున్నాయిరా మీ ఫర్నేసులు? మీరు అడిగేదానికీ, తెల్లారి మీ మీటరు చెప్పేదానికీ పొంతనే ఉండదు.

నిన్నొక్కణ్ణే అనడం లేదు. ఆ లైను మీద అందరిదీ అదే వరస. కాగితం మిల్లువాళ్ళు పెంచుతారు, టైల్స్ ఫ్యాక్టరీవాళ్ళు ఇంకాస్త పెంచుతారు. మీరు పెంచుతారని మేం తగ్గిస్తాం. మేం తగ్గిస్తామని మీరు పెంచుతారు. పైపులో చోటున్నన్నాళ్ళూ ఈ దొంగాట నడిచింది. ఇప్పుడు చోటు లేదు. మీ వైపు గ్యాసుని తోసే కంప్రెసర్లు రెండిట్లో ఒకటి పాడైంది. దాన్ని విప్పి పెట్టారు, సామాను ఎప్పుడొస్తుందో ఎవరినడిగినా నీళ్ళు నములుతున్నారు. రెండోదొక్కటే ఆయాసపడుతూ తోస్తోంది. మీ ఊరేమో లైనుకి ఆ చివర. చలి ముదిరితే దారిపొడుగునా ఉన్న ఇళ్ళల్లో పొద్దున్నే గ్యాసు హీటర్లు వేస్తారు. ముందు వాళ్ళు లాగినంత లాగాక మిగిలిందే మీకు.

నా పని నీకెప్పుడూ నవ్వులాటే. "మా అక్క జోస్యం చెబుతుంది" అని నీ స్నేహితులతో అంటావట, మరదలు చెప్పింది. జోస్యమే, కాదనను. రేపు చలి ఎంత, పనిరోజా సెలవురోజా, ఎవరి ఫ్యాక్టరీ మరమ్మతుకి ఆగింది, ఇవన్నీ చూసి ఏ ఊరు ఎంత లాగుతుందో ముందే చెప్పాలి. చలి లెక్క కాస్త తప్పినా సర్దుకోగలను. మీ అబద్ధాలతోనే వేగలేక చస్తున్నా. ఎవరికి నిజంగా కావాలో, ఎవరు ఊరికే అడుగుతున్నారో తెలియకుండా కోత పెడితే ఎవరో ఒకరి గొంతు మీదే పడుతుంది.

కాబట్టి నాయనా, నిజం అంకె పంపు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా నా మాట విను.

మేనకోడలికి ముందుపళ్ళు ఊడాయటగా. నోరు మూసుకోకుండా నవ్వుతున్న ఫొటో పంపమను.

ఇట్లు,
నువ్వు ఏనాడూ మాట వినని
నీ అక్క


ప్రియమైన అక్కకి,

ఉత్తరం అందింది. చదువుతున్నంతసేపూ ఎవరో చెవి మెలిపెట్టినట్టే ఉంది. కాగితం మీద కూడా నీ గొంతు అంత గట్టిగా ఎలా వినబడుతుందే తల్లీ!

పెంచి అడుగుతున్న మాట నిజమే. ఎందుకడుగుతున్నామో కూడా విను. మాది వంటింటి స్టవ్ కాదు, ఆపి మళ్ళీ వెలిగించుకోవడానికి. మావాళ్ళు పెద్ద ఫర్నేసుని పెద్దమ్మ అంటారు, చిన్నదాన్ని చిన్నమ్మ. ఒకసారి వెలిగించారంటే ఏళ్ళ తరబడి ఆపరు. లోపల గాజు ఎప్పుడూ పాకంలా కదులుతూనే ఉండాలి. వేడి తగ్గి ఆ గాజు గడ్డకట్టిందా, ఇటుకలతో సహా పగలగొట్టుకుని మొదట్నించీ కట్టుకోవాల్సిందే. ఇప్పుడున్న పరిస్థితిలో మా యజమాని మళ్ళీ కడతాడా? తాళం వేసి పోతాడు. మా వీధిలో ఫ్యాక్టరీ మీద బతకని ఇల్లు లేదు. నీ మరదలు పరీక్షించే మందుల సీసాలు చిన్నమ్మవే. బుడగ ఉన్న సీసా ఒక్కటీ దీపం ముందు తప్పించుకుపోదు తన దగ్గర, నా జేబులో దాచిన సిగరెట్టు లాగే.

నీ ఉత్తరం సంగతి మా పెద్ద మేస్త్రితో అన్నాను. ఆయన బీడీ ఆర్పి, "వాళ్ళు కోస్తారు బాబూ. ఆ కోతకి సరిపడా గుడ్డ మనమే ఎక్కువ పెట్టుకోకపోతే చొక్కా బిగుతైపోదూ?" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. అందరూ పెంచుతుంటే నేనొక్కణ్ణే నిజం రాస్తే వెర్రివెంగళప్పనైపోనా?

నువ్వు కోయనని మాటిస్తే చూద్దాం. అక్కగా కాదు, ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషిగా మాటివ్వు.

మేనకోడలు ఫొటో జతచేశాను. నీ పోలికే అంటున్నారంతా. పాపం పిల్ల.

నీ
తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

మాటిస్తున్నాను. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషిగానే ఇస్తున్నా. నువ్వు నిజం రాస్తే దాని మీద నేను చెయ్యి వెయ్యను. మీ ఫర్నేసులకి ఎంత కావాలో అంత వదిలేసి, కోత ఏదైనా ఉంటే మిగతావాళ్ళ దగ్గర చూసుకుంటాను.

సిగరెట్టు సంగతి ఇప్పుడు తెలిసింది. నీ పని తర్వాత చెబుతా.

నీ
అక్క


ప్రియమైన అక్కకి,

నీ మాట నిలబెట్టడానికి ఇక్కడ పెద్ద యుద్ధమే చేశాను. మా మేనేజరు అంత తేలిగ్గా ఒప్పుకునే రకమా! "మీ అక్క ఉందని చెప్పి ఫ్యాక్టరీని పందెం కాస్తావా?" అని ఎగిరాడు. వారమంతా వెంటపడి, మీటరు లెక్కలు చూపించి, చివరికి ఒప్పించాను. "సరే, అంకె నీది. ఏదైనా తేడా వస్తే తల కూడా నీదే" అన్నాడు.

సోమవారం నుంచి చలి బాగా దిగుతుందని అంటున్నారు. అందుకే ముందే రాస్తున్నాను, ఆ రోజు నుంచి నేను పంపేది అసలు అంకె. పిసరు కూడా పైన లేదు. తక్కువగా కనిపిస్తే కంగారుపడకు, అది మా నిజం.

నీ మరదలికి చెబితే, "మీ అక్కని నమ్మొచ్చు. పెళ్ళిచూపులప్పుడు మీవాళ్ళంతా మీరు శాంతమూర్తి అంటుంటే, ఆవిడొక్కతే నన్ను పక్కకి పిలిచి 'వాడికి ముక్కు మీద కోపం, చూసుకో' అంది" అంటోంది. ఇన్నేళ్ళూ ఈ సంగతి నా దగ్గర దాచారన్నమాట ఇద్దరూ!

నిజం చెప్పొద్దూ, మనసు తేలిగ్గా ఉంది. బావగారిని అడిగానని చెప్పు.

నీ మాట విన్న
తమ్ముడు


అక్కా,

ప్రియమైన అని మొదలుపెట్టి కొట్టేశాను.

సోమవారం అసలు అంకె పంపాను. మంగళవారానికి మీరు కోసి కేటాయించింది చూసి మేనేజరు నా మొహం కేసి చూశాడు. అంతే. పొద్దున ఊళ్ళన్నీ నిద్రలేచి హీటర్లు వేసుకునేసరికి మా గేటు దగ్గర ప్రెషరు ముల్లు జారడం మొదలైంది. మీ కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తే "మీ వాటా అంతే, ఇళ్ళకే ముందు" అన్నారు. నీకు చేశాను. మళ్ళీ చేశాను. నువ్వు ఎత్తలేదు.

ఉన్న గ్యాసు పెద్దమ్మకీ చిన్నమ్మకీ ఇద్దరికీ చాలదు. పెద్ద మేస్త్రి నా దగ్గరికొచ్చి "ఎవర్ని వదిలేద్దాం బాబూ?" అనడిగాడు. ఆ ప్రశ్న నన్నడిగాడు అక్కా. చిన్నమ్మని అన్నాను. వీలైనంత గాజుని కింది నుంచి బయటికి వదిలేశారు, మిగిలింది లోపలే బిగుసుకుంది. మధ్యాహ్నానికి ఇటుకలు పగలడం మొదలైంది. షెడ్డంతా ఆ చప్పుడే. ముసలి పనివాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. పెద్ద మేస్త్రి గోడవైపు తిరిగి ఏడ్చాడు. చొక్కా బిగుతైందని ఒక్క మాట అనలేదు నన్ను. అని ఉంటే బాగుండేది.

సీసాలు పరీక్షించే ఆడవాళ్ళందర్నీ రేపట్నించి రావద్దన్నారు. నీ మరదలు తన బల్ల తుడిచి, దీపం ఆపి ఇంటికొచ్చింది. వంట చేసింది. పిల్లకి జడ వేసింది. నాతో మామూలుగానే మాట్లాడుతోంది, అదే భరించలేకపోతున్నాను. వీధిలో మిగతావాళ్ళు మాట్లాడటం లేదు.

టైల్స్ ఫ్యాక్టరీ ఆ రోజంతా హాయిగా నడిచిందట.

నువ్వు సెలవులో ఉన్నావని రాయి. నీ చోట్లో ఎవరో కొత్తవాడు కూర్చుని తెలియక కోసేశాడని రాయి. నేను నమ్ముతాను. ఎవర్నీ ఏమీ అడగను. ఆ ఒక్క ముక్క రాయి చాలు.

తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

నేను సెలవులో లేను. కొత్తవాడెవడూ లేడు. కోసింది నేనే.

నీ ఉత్తరం ముందే చేరింది. పిసరు కూడా పైన లేదని రాసింది చదివాను. చదివి నవ్వుకున్నాను కూడా. సోమవారం నీ అంకె రోజూ వచ్చేదానికన్నా తక్కువగా వచ్చింది. వీడు నా మాట విన్నాడే అని ముచ్చటపడ్డాను. ఆ వెంటనే, వింటే సగమే విని ఉంటాడులే, కొంత తగ్గించి కొంత అట్టేపెట్టుకుని ఉంటాడు అనుకున్నాను. చిన్నప్పుడు నీ చేతిలో బెల్లం పెట్టి ఇంకా ఉందా అనడిగితే, లేదంటూ బుగ్గలో దాచుకునేవాడివి. నాకు ఆ పిల్లాడే కనిపించాడు. ఆ సాయంత్రం అందరూ అడిగింది కలిపితే పైపు మోయగలిగినదాన్ని ఎప్పుడో దాటిపోయింది. ఎప్పట్లాగే అందరికీ కోశాను. నీకూ కోశాను. టైల్స్ ఫ్యాక్టరీవాళ్ళు కోతకి సరిపడా ముందే పెంచుకున్నారు, వాళ్ళకి అందింది. నీకు అందలేదు.

నీ ఫోన్లు కూడా చూశానురా. ఆ పొద్దున అన్ని ఊళ్ళూ అరుస్తున్నాయి. నువ్వూ అందరిలాగే అరుస్తున్నావనుకుని పక్కన పెట్టాను. ఎత్తినా పైపులో లేనిదాన్ని తెచ్చి ఇవ్వలేకపోయేదాన్ని, కానీ ఎత్తాల్సింది.

మా ఆఫీసు పెద్దాయనకి జరిగింది చెప్పాను. "కంప్రెసర్ వల్ల అయిందమ్మా, అలాగే పోనీ" అన్నాడు. అలా కాదు, నా వల్ల అని గట్టిగానే చెప్పాను. ఆయన తల పట్టుకుని, "ఆ లైను గురించి నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, వెళ్ళి పని చూసుకో" అన్నాడు. శిక్ష వేసినా బాగుండేది. వెళ్ళి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను.

ఇప్పుడు నేను అడగబోయేది అడిగే మొహం నాకు లేదు. అయినా అడగక తప్పదు. వచ్చేవారం ఇంకో చలి వస్తోంది, పోయినదానికన్నా గట్టిది. కంప్రెసర్ సామాను ఇంకా రాలేదు. మీ సంగతి విని ఈసారి అందరూ బెదిరిపోయి మరీ పెంచుతున్నారు. గుడ్డిగా కోస్తే చివర ఉన్న పెద్దమ్మే పోతుంది. దాన్ని నిలబెట్టడానికి ఎంత కావాలో నాకు సరిగ్గా తెలియాలి, అది చెప్పగలిగింది నువ్వొక్కడివే. కాగితం మిల్లులో ఇంధనం చూసే ఆవిడతో కూడా మాట్లాడాను. మీకు జరిగింది దాచకుండా చెప్పే అడిగాను. చాలాసేపు ఆలోచించి, నిజమే రాస్తానంది. మీ ఇద్దరూ నిజం రాస్తే ఎలాగో గట్టెక్కిస్తాను.

నిజం రాయి. నువ్వు ఏది రాస్తే అది ఇస్తాను. ఒక్క చుక్క కూడా కోయను. నన్ను తిట్టు, నా గుమ్మం తొక్కకు, కానీ ఈ ఒక్కసారి రాయి.

మరదలికి ఏం చెప్పాలో తెలియడం లేదు.

నీ
అక్క


ప్రియమైన అక్కకి,

చలి వెళ్ళిపోయింది. వెళ్ళేదాకా ఆగి రాస్తున్నాను. కావాలనే ఆగాను.

నువ్వు అబద్ధం రాస్తావనుకున్నాను, నేనే అడిగాను కాబట్టి. రాయలేదు. నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపిస్తే, "ఆవిడ ఎప్పుడూ నిజమే చెబుతుంది" అని లేచి వెళ్ళి పిల్ల బట్టలు మడతపెట్టుకుంది. కోపంగా అందో మెచ్చుకునే అందో నాకు తెలియలేదు.

పెద్దమ్మ బతికింది. నేను అడిగినంతా నువ్వు ఇచ్చావు. ముల్లు ఒక్కసారి కూడా జారలేదు. మేనేజరు వచ్చి నా భుజం తట్టాడు. పెద్ద మేస్త్రి నాకు టీ తెచ్చిచ్చాడు. వీధిలో మనుషులు మళ్ళీ పలకరిస్తున్నారు.

నేను పెంచి రాశాను అక్కా.

ఎవరూ పెంచమనలేదు. మేనేజరు ఊళ్ళోనే లేడు. అసలు అంకె నాకు తెలుసు, అది రాయడానికే కూర్చున్నాను కూడా. ఇటుకలు పగిలిన ఆ చప్పుడు గుర్తొచ్చింది. ఈసారి నువ్వు నన్ను నమ్ముతావని నాకు తెలుసు, ఏది రాస్తే అది ఇస్తావని తెలుసు. తెలిసే పెంచాను. ఎప్పుడూ పెంచేదానికన్నా బాగా ఎక్కువే పెంచాను. మాకు వచ్చినదాంట్లో కొంత వాడనే లేదు, మీటరు చూసుంటే ఈపాటికి నీకే అర్థమై ఉంటుంది.

కాగితం మిల్లు ఆగిపోయిందని నిన్న తెలిసింది. బాయిలర్లు చల్లారి, తయారవుతున్న కాగితమంతా పాడైందట. ఆ ఇంధనం చూసే ఆవిణ్ణి ఇంటికి పంపేశారట. "మీ అక్క మాట విని తక్కువ అడిగిందట కదా" అని మా మేనేజరు నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను, ఆయన ఎదురుగా.

ఆదివారం ఇంటికి రా. నీ మరదలు రమ్మంటోంది, పిల్లేమో అత్త ఎప్పుడొస్తుందని ప్రాణం తీస్తోంది. వచ్చినప్పుడు నన్ను ఏమనాలనుకుంటే అది అను, చెవులొగ్గి వింటాను. ఆ కాగితం మిల్లు ఆవిడ ఇల్లెక్కడో మాత్రం నాకు చెప్పకు. తెలిస్తే వెళ్ళాలి. వెళ్ళే ధైర్యం నాకు లేదు.

నీ
తమ్ముడు