మెట్ల మీద జరిగిన సభ

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గారికి మూడో అంతస్తు నుంచి నమస్కారం.

ఆటిజం ఉన్న మా తమ్ముడిలాంటివాళ్లని అక్కున చేర్చుకోవడానికి నిన్న మీరు పెట్టిన సభ అదిరిపోయిందండీ. ముఖ్యంగా ఆ మైకు! హోరు వాడికి పడదని ముందే మొత్తుకున్నాను. "ఒక్కరోజుకి సర్దుకోమ్మా, మీవాడి కోసమేగా ఇదంతా!" అన్నారు. వాడి కోసమే కాబట్టి ముందు వరసలో, సరిగ్గా స్పీకరు పక్కనే కూర్చోబెట్టారు. వాడు చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, "కాస్త బయటికి తీసుకెళ్లమ్మా, ప్రసంగం సాగట్లేదు" అని మైకులోనే చెప్పారు. ఆ ప్రసంగం దేని గురించంటే, ఇలాంటివాళ్లని ఎవరూ బయటికి నెట్టకూడదని.

పెళ్లికొడుకు లేకుండానే పెళ్లి ఘనంగా జరిపించారు. చప్పట్లు మేమిద్దరం వెళ్లి కూర్చున్న మెట్ల దాకా వినిపించాయి.

కాసేపటికి మీ ఆవిడ కూడా వచ్చి, చెవులు మూసుకుని మా పక్కన మెట్టు మీద కూలబడ్డారు. "నాకూ చిన్నప్పట్నుంచీ ఇంతేనమ్మా. ఆయనతో చెప్తే వేషాలంటారు. నువ్వే ఓ ఉత్తరం రాసి పడెయ్, సంఘానికొచ్చిన కాగితమైతే చదువుతారు" అన్నారు. మా తమ్ముడు ఏమీ అడగలేదు, కాస్త జరిగి ఆవిడకి చోటిచ్చాడంతే.

వచ్చే ఆదివారం సాయంత్రం మళ్లీ ఆ మెట్ల మీదే కూర్చుంటున్నాం. మైకు లేదు, ప్రసంగం లేదు. మీరూ రండి, మావాడు మీకూ జరుగుతాడు. నోరు మూసుకుని కూర్చోవడం మీకు కష్టమే, తెలుసు. ఒక్కరోజుకి సర్దుకోండి, మీ ఆవిడ కోసమేగా ఇదంతా!

ఇట్లు,
మీరు బయటికి పంపినవాడి అక్క