పజిల్‌లో రెండు వేలు, బల్ల మీద తొమ్మిది వందలు

1, సోమవారం. ఉదయం

చదువుతున్న నిన్నే అడుగుతున్నాను: నీకు తెలిసినదానిలో నువ్వు చేస్తున్నది ఎంత?

జవాబుకు తొందరలేదు. ముందు నా సంగతి విను.

నిన్న సాయంత్రం సంఘంలో నిగ్రహం మీద ప్రసంగించాను. మూడో అంశం ముగించి నాలుగోది ఎత్తుకుంటుండగా కీబోర్డు వాయించే అక్కయ్య లేచి నిలబడింది.

"అన్నయ్యా, చిన్న సందేహం. ఫోనులో చదరంగం పజిళ్లు ఇట్టే చేసేస్తానని, అక్కడ రేటింగ్ రెండు వేలు దాటిందని మీరే చెప్తుంటారు. క్లబ్బులో మాత్రం మీ రేటింగ్ తొమ్మిది వందల నలభై అట కదా. మధ్యలో తగ్గిందంతా నిగ్రహమేనా?"

సంఘం నవ్వింది. నాకు ఒళ్లు మండింది. గ్రంథం మీద చెయ్యి వేసి అందరి ముందూ ప్రతిజ్ఞ చేశాను. ఈ నెల చివరి శనివారంలోగా క్లబ్బు రేటింగ్ పన్నెండు వందలు దాటిస్తాను. దాటించలేకపోతే ఆదివారం సాయంత్రపు ప్రసంగం మా బావమరిదికి అప్పగిస్తాను.

"ఆమేన్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. నా సేవలో అంత గట్టి ఆమేన్ ఎన్నడూ వినలేదు. వాళ్లకు నా మీదున్న నమ్మకానికి కళ్లు చెమర్చాయి.

(నా ప్రసంగం గంటన్నర. బావమరిది ఒకే ఒక్కసారి మాట్లాడాడు, పన్నెండు నిమిషాల్లో దిగిపోయాడు.)

నియమాలు. వేకువన ప్రార్థన. ఆ వెంటనే యాభై పజిళ్లు. భోజనం దగ్గర ఫోను లేదు. నా కళ్లజోళ్ల షాపులో ఫోను లేదు. కోపం అసలే లేదు.

2, మంగళవారం

యాభైకి నలభై ఏడు. పజిల్ రేటింగ్ రెండు వేల నూట నలభై. పండితుల స్థాయి.

తెలియనివారి కోసం రాస్తున్నాను. ఎవరో ఆడిన ఆటలోంచి ఒక్క ఘట్టం తీసి మన ముందు పెడతారు. తెల్లపావుల వంతు, మూడెత్తుల్లో ఆటకట్టు, కనుక్కో అంటారు. ముప్పాతిక వంతు పజిళ్లలో దారి ఒకటే. అందరికంటే బలమైన మంత్రిని బలి ఇవ్వాలి. ఇచ్చినవాడే గెలుస్తాడు. ఆహా, ఇందులో ఎంత ప్రసంగం ఉంది! నాలుగు అంశాలు అక్కడికక్కడే రాసుకున్నాను.

షాపులో ఒక్క పజిల్ మాత్రం చేశాను. కళ్లు పరీక్షించుకోవడానికొచ్చిన పెద్దాయన ముక్కు మీద ఇనుప ఫ్రేముతో చాలాసేపు ఓపిగ్గా కూర్చున్నాడు. నిగ్రహం గలవాడు.

6, శనివారం

క్లబ్బులో మొదటి ఆట. ఎదుట పళ్ల డాక్టరు. ఆయన రేటింగ్ వెయ్యి ఇరవై.

ఎనిమిదో ఎత్తు నుంచే బలి కోసం వెతికాను. పదమూడో ఎత్తులో మంత్రిని తీసుకెళ్లి ఆయన రాజు ముందు పెట్టాను.

డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. (మా షాపుదే.) "ఇది పొరపాటాండీ, పథకమా?"

పొందాలనుకునేవాడు ముందు వదులుకోవాలని ఆయనకు వివరించసాగాను. రెండో అంశంలో ఉండగా ఆటలు పర్యవేక్షించే ఆర్బిటర్ వచ్చి భుజం తట్టాడు. "ఆట మధ్యలో ప్రసంగాలు కూడదండి. ఇది రెండోసారి చెప్పడం."

డాక్టరు నా మంత్రిని తీసుకున్నాడు. తర్వాతేం చేయాలో నాకు తోచలేదు. పజిల్‌లో అయితే ఆ మూల బంటు ఉండదు. ఇక్కడ ఉంది.

తొమ్మిది వందల పద్దెనిమిది.

కారణాలు. కుర్చీ ఊగుతోంది. ఫ్యాను గాలి సూటిగా మెడకు తగులుతోంది. డాక్టరు పుదీనా వాసన వేస్తున్నాడు. నాలో లోపం వెతికాను, దొరకలేదు.

10, బుధవారం

రెండో ఆట లెక్కల టీచరమ్మతో. గెలిచే ఆట. ఒక ఏనుగు ఎక్కువ ఉంది నాకు. ఇలాంటప్పుడే గర్వం కాటేస్తుందని కళ్లు మూసుకుని కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టాను. సంఘాన్ని తలచుకున్నాను. రోగులను, ప్రయాణాల్లో ఉన్నవారిని, కీబోర్డు అక్కయ్యను కూడా తలచుకున్నాను.

కళ్లు తెరిచేసరికి గడియారంలో నా సమయం అయిపోయి ఉంది.

"కునుకు తీస్తున్నారేమో అనుకున్నానండీ. లేపితే బాగుండదని ఊరుకున్నా" అంది టీచరమ్మ. మంచావిడ.

తొమ్మిది వందల రెండు. ఇదీ ఒక రకంగా గెలుపే. ఏ రకమో రేపు రాస్తాను.

12, శుక్రవారం

షాపుకు ఒక సేల్స్‌మన్ వచ్చాడు. గోడ మీది అక్షరాల పట్టీ చివరి వరసదాకా గడగడా చదివేశాడు. చూపు అమోఘం అని మెచ్చుకున్నాను. వెళ్తూ అద్దం తలుపుకు నుదురు కొట్టుకున్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు, డ్రైవింగ్ లైసెన్సు కోసం పట్టీని కంఠస్థం చేశాడట.

బిల్లులు చూసే మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మీ తమ్ముడు దొరికాడండీ" అంది.

"నాకు తమ్ముడెక్కడ?"

"పజిల్ తమ్ముడు. ఇక్కడ గెలుపుంది, వెతుక్కో అని మీకు ఫోను ముందే చెప్తోంది. ఉందని తెలిస్తే ఎవరైనా వెతుకుతారు. క్లబ్బులో ఎవరు చెప్తారు మీకు, ఇదిగో ఇప్పుడు చూడు అని?"

నిగ్రహించుకుని చిరునవ్వు నవ్వాను.

"అంతెందుకు" అంది ఆవిడ. "మంగళవారం నుంచి నేను మీతో మాట్లాడటం లేదు. చూశారా?"

చూడలేదు. భార్య అలకకు ఏం చేయాలో గ్రంథంలో నాకు పదకొండు వాక్యాలు తెలుసు. ఇంట్లో ఇల్లాలు అలిగి ఉందని మాత్రం తెలియదు.

"దేనికి అలిగావు?"

"అది కూడా మీరే కనుక్కోవాలి. నేను చెప్తే పజిల్ అయిపోదూ?"

14, ఆదివారం

గ్రంథం మధ్యలో ఫోను సరిగ్గా ఇముడుతుంది. ఇది కనిపెట్టకుండా ఉండాల్సింది.

మౌన ప్రార్థనలో నాలుగు పజిళ్లు చేశాను. అయిదోది సరిపోయినప్పుడు ఫోను టింగుమని మోగింది. సంఘం తలెత్తి చూసింది. ఆ గంట మనస్సాక్షిది అని అక్కడికక్కడే అల్లి, అరగంట మాట్లాడాను. కొందరు కన్నీళ్లు తుడుచుకున్నారు. ఇంత జరిగాక నాకు సంతోషం కలగలేదని రాస్తే అబద్ధం.

పజిల్ రేటింగ్ రెండు వేల రెండు వందల పది. క్లబ్బులో నిన్న మళ్లీ ఓటమి. ఎనిమిది వందల ఎనభై.

ఒకటి ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది. సగటు తీస్తే పదిహేను వందల పైనే. ఈ వాదన సంఘ పెద్దలు ఒప్పుకుంటారా?

18, గురువారం

ఒప్పుకోలేదు.

ప్రార్థన కూటంలో అక్కయ్య లేచి, "మన అన్నయ్య రేటింగ్ విషయంలో సంఘానికి ఏది మేలో అదే జరగాలని" మనవి చేసింది. ఎన్నడూ నోరు విప్పనివాళ్లు కూడా చేతులెత్తి గట్టిగా ప్రార్థించారు. వాళ్లు కోరుకునే మేలు ఏమిటో ఈసారి అర్థమైంది. భోజనం సహించలేదు.

బయట బావమరిది నా చెయ్యి పట్టుకున్నాడు. సామాన్లు మోసే వ్యాను నడుపుతాడు. వాడి అరచెయ్యి తడిగా ఉంది.

"బావా, నువ్వు గెలవాల్సిందే. నాకు ఆ మైకు చూస్తేనే పారిపోవాలనిపిస్తుంది. రోజూ నీకోసం ప్రార్థన చేస్తున్నా."

నా గెలుపు కోరుతున్న మనిషి ఊరు మొత్తంలో వీడొక్కడు. వీడు కూడా నా ప్రసంగం కోసం కోరడం లేదు.

మైకు పోతే నేనేమిటి? కళ్లజోళ్లు అమ్మేవాణ్ని. చదువు మధ్యలో ఆగినవాణ్ని. గ్రంథాన్ని ఒక్కణ్నే కూర్చుని నేర్చుకున్నాను, మెట్టు మెట్టుగా ఆ వేదిక ఎక్కాను. అది పోతుందంటే భయంగా ఉంది. ఈ మాట ఇంకెక్కడా రాయలేను.

భయం పోవడానికి ఇరవై పజిళ్లు చేశాను. ఇరవైకి ఇరవై.

27, శనివారం

ఇక పన్నెండు వందలు కలలోని మాట. పెద్దల కాళ్లావేళ్లా పడితే ఒక సడలింపు ఇచ్చారు. ఇవాళ ఒక్క ఆట గెలిస్తే చాలు, వేదిక నాదే.

మళ్లీ పళ్ల డాక్టరు. ఈసారి బుద్ధిగా ఆడాలనుకున్నాను. బలులు లేవు, ప్రార్థన లేదు, మాట లేదు. మంత్రిని పసిబిడ్డలా పొదువుకున్నాను. డాక్టరు బంటు తోసినప్పుడల్లా దాన్ని ఒక గడి వెనక్కి జరిపాను. అలా జరుపుతూ జరుపుతూ ఓడిపోయాను.

చేతులు కలిపాక డాక్టరు పావులను వెనక్కి పేర్చాడు. "ఒక్క మాటండీ. ఇక్కడ నేను ఘోరంగా తప్పు ఆడాను. మీరు మంత్రిని ఇచ్చేస్తే గుర్రంతో రెండెత్తుల్లో నా ఆటకట్టు. చెమట పట్టింది నాకు. మీరేమో మంత్రిని వెనక్కి తీసుకున్నారు. ఎందుకు ఆడలేదు?"

చూశాను. ఇలాంటివి పళ్లు తోముకుంటూ చేస్తాను. ఇవాళ ఉదయమే రెండు చేశాను.

"ఎవరూ చెప్పలేదు" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

28, ఆదివారం

బావమరిది పది నిమిషాలు మాట్లాడాడు. రెండో మాటకే దారి తప్పి, వరద రోజున వ్యాను ఆగిపోతే ముక్కూమొహం తెలియనివాడు నడుంలోతు నీళ్లలో తోసిపెట్టిన సంగతి చెప్పి, ఇక చెప్పడానికేమీ లేదని దిగిపోయాడు. అంశాలు లేవు. ఒక్క వాక్యమైనా ఎత్తలేదు.

నేను వెనక వరసలో మా ఆవిడ పక్కన కూర్చున్నాను. నాలుగు చోట్ల లేచి దిద్దాలనిపించింది. లేవలేదు. అక్కడ్నుంచి చూస్తే అందరి వీపులే కనిపిస్తాయి. ముందున్న ముసలాయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు. నేను మాట్లాడే రోజుల్లో ఆయన ఏం చేసేవాడో నాకు తెలియదు. నా చూపెప్పుడూ నాలుగో అంశం మీద ఉండేది.

కూటం ముగిశాక పెద్దలు పిలిచారు. బావమరిది మళ్లీ ఎక్కనంటున్నాడట. క్లబ్బులో నిజమైన ఆట ఒకటి గెలిచిన రోజున వేదిక తిరిగి ఇస్తారు. అందాకా కీబోర్డు అక్కయ్య మాట్లాడుతుంది. ఆవిడ ఇప్పటికే మూడు అంశాలు రాసుకుందట.

29, సోమవారం. ఉదయం

కొత్త ప్రతిజ్ఞ. ఈ రోజు నుంచి పజిల్ లేదు. రోజుకొక ఆట, మనిషి ఎదుట కూర్చుని. ప్రతి ఎత్తుకూ ముందు నన్ను నేనే అడుగుతాను: ఇక్కడేమైనా ఉందా?

బయలుదేరేముందు ఒక్క పజిల్ చేద్దామని ఫోను తీశాను. తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను.

"అలక సంగతి కనుక్కున్నారా?" అంది.

"ఇంకా వెతుకుతున్నాను."

"వెతకండి, ఉంది" అంది. ఫోను గల్లాపెట్టెలో పడేసి తాళం వేసింది.

డాక్టరుకు మధ్యాహ్నం అరగంట ఖాళీ ఉంటుందట. చదరంగం బల్ల సంచిలో పెట్టుకున్నాను. ఓడిపోతానేమో. ఓడినా ఇవాళే ఓడతాను.

ఇక నీ వంతు. నీకు కంఠతా వచ్చినవి నాకు చెప్పకు. నువ్వు ఎరిగిన మంచిలో ఒక్కటి తీసుకో, లేచి వెళ్లి ఎదుటి మనిషి ముందు చెయ్యి. ఇదే ఆ ఘడియ అని నీ చెవిలో ఎవరూ గంట కొట్టరు. రేపు అనకు, సోమవారం అనకు. ఈ పేజీ మూసి, చెప్పులు తొడుక్కుని, ఇవాళే బయలుదేరు.